స్టార్టరు మోటారుకు రెండు పూతల నీలం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అన్నీ వచ్చని కాదు, రావన్న సంగతి ఇంకా తెలియలేదని. అది తెలియనంత కాలం మనిషి ఎంత హాయిగా ఉంటాడో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కొంచెం అసూయ పుడుతుంది. ఇరవై ఏళ్ల వయసు, మెకానికల్ డిప్లొమా, చేతిలో ఫోను, ఫోనులో ఏ బండినైనా పది నిమిషాల్లో విప్పి బిగించి చూపించే వీడియోలు. డిప్లొమా అన్నానుగానీ అది నిజానికి చేతికి రాలేదు. ఒక్క పేపరు మిగిలిపోయింది. ఎలక్ట్రికల్. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ అది నన్ను గుర్తుపట్టి వెనక్కి పంపింది. మెకానిక్కుకు కరెంటుతో ఏం పనిలే అని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ని. (పని ఉందని తేలిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోతున్నది. నవ్వదలుచుకున్నవాళ్లు నవ్వవచ్చు, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.)

నాలుగోసారి పరీక్షకు చదువుకుంటానని చెప్పి మా ఊరు బాహూరు నుంచి పట్నం వచ్చి, ఒర్లియంపేటలో మా మేనత్త ఇంట్లో దిగాను. అత్తది దోసెపిండి వ్యాపారం. ముందు గదిలో మూడు గ్రైండర్లు, వెనక గదిలో దేవుడు, మధ్య గదిలో మేము. సాయంత్రం రుబ్బిన పిండి రాత్రంతా పులిసి, తెల్లారేసరికి బకెట్లలో పొంగి, పికప్పు ఎక్కి పద్నాలుగు టిఫిన్ కొట్లకు వెళ్లేది. పికప్పు మామది. ఆయన పోయాక బండి అమ్మేయమని బంధువులందరూ చెప్పారు. అత్త ఎవరి మాటా వినకుండా నలభై మూడో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. మా వాళ్లు ఎన్ని తరాల కిందట ఈ తమిళ దేశం వైపు వచ్చారో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో మాట తెలుగే, అందులో సగం అరవం. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. (నేనైనా చాలా ఆలస్యంగా, పట్టుబట్టి నేర్చుకున్నవే ఇవి.) అత్త గోడమీది తమిళ క్యాలెండరులో రాహుకాలం చదువుకుని తెలుగులో భయపడేది.

ఆ ఇంట్లో ఇంకొక ఆచారం ఉండేది. మామ ఒకప్పుడు వీధి గేటుకు వేయడానికని నీలం ఎనామిల్ రంగు పెద్ద డబ్బా తెచ్చాడు. గేటుకు వేశాక ముప్పాతిక డబ్బా మిగిలింది. "గేటుకు ఇంత రంగేంది, ఊరికంతా పూస్తావా?" అని అత్త ఆయన్ను చెడామడా తిట్టింది. ఆయన పోయాక ఆ తిట్టిన మనిషే ఆ డబ్బాను దేవుడి గదిలో పెట్టి దాచుకుంది. పనికోసం ఏ కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినా ముందు దానికి ఆ నీలం ఒక పూత పడాలి, తరవాత చందనం, కుంకుమ, కర్పూరం, ఆ పైనే పని. గ్రైండర్ల స్టాండ్లు నీలం, బకెట్ల పిడులు నీలం, నేను కూర్చుని చదవని స్టూలు నీలం. ఎందుకని ఒకసారి అడిగితే, "మీ మామ చెయ్యి పడినట్ట ఉంటాదిరా" అంది. ఆ తరవాత నేను అడగలేదు.

ఇంత ఆచారం ఉన్న ఇంట్లో బండి స్టార్టరు మోటారు మాత్రం చచ్చిపోయింది. ఒక్కసారిగా పోయి ఉంటే బాగుండేది. అది మంచానపడ్డ ముసలాయనలా ఒకరోజు మూలిగి, ఒకరోజు దగ్గి, చివరికి తాళం తిప్పినా పలకడం మానేసింది. నెల రోజులపాటు బండిని వీధి వీధంతా కలిసి తోసింది. ఈ తోపుడుకు సేనాధిపతి పక్కింటి సొల్దా తాత. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చి పింఛను పుచ్చుకునే మనిషి, ఎనభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా. ఆయన బండిని తాకడు. వెనక నిలబడి "అన్, దో, త్రువా!" అని ఫ్రెంచిలో ఒకటి, రెండు, మూడు అరుస్తాడు. ఆ అరుపుకు పాలవాడు, పూలమ్మే ఆవిడ, చన్నీళ్ల స్నానం చేసి తడి తలతో వచ్చిన కాలేజీ మాస్టరు, అందరూ కలిసి ఒక్క తోపు తోస్తే బండి దగ్గుతూ లేచేది. తోసిన ప్రతి ఇంటికీ అత్త గిన్నెడు పిండి ఇచ్చేది. మొదటివారం జనం ఎగబడి తోశారు. నాలుగోవారానికి మా గేటు చప్పుడైతే చాలు, చుట్టుపక్కల కిటికీలు మూసుకునేవి. ఎంత దోసెపిండైనా రోజూ ఎవరు తింటారు?

అప్పుడే తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీను నుంచి అత్తకు పిలుపు వచ్చింది. రోజూ ఒక్కచోటే, ఒకేసారి, ఎనిమిది బకెట్ల పిండి. ఆ ఆర్డరు కోసం అత్త ఆరునెలలుగా మొక్కని దేవుడు లేడు. ఆశ కాదు కారణం, మోకాళ్లు. పద్నాలుగు కొట్లంటే పద్నాలుగు చోట్ల బకెట్లు దించడం, మెట్లెక్కడం. సాయంత్రం పూట మోకాళ్లకు వేడి ఇసుక మూట కాపడం పెట్టుకుంటూ, "ఆ క్యాంటీను వొస్తే ఇంక మెట్లుండవురా అబ్బోడా" అనేది, పెళ్లికి వెళ్లబోయే పిల్లలా మురిసిపోతూ. మొదటిరోజు నమూనాగా ఒక్క బకెట్టు ఇచ్చి వచ్చేటప్పుడు ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే బండి మొరాయించింది. లోపల సరుకు దించేటప్పుడు ఇంజిను ఆపాలని వాళ్ల నియమం. ఆపిన ఇంజిను మళ్లీ లేవలేదు. వెనక ఒక లారీ హారను కొడుతుంటే ఆరుగురు పనివాళ్లు వచ్చి మమ్మల్ని గేటు బయటికి తోశారు. క్యాంటీను మేనేజరు మంచివాడే. పిండి బాగుందన్నాడు. తరవాత తమిళంలో మెల్లగా అన్నాడు: "అమ్మా, సోమవారం పొద్దున ఏడుకల్లా రండి. కానీ తనంతట తాను స్టార్టయ్యే బండిలో రండి. లేకపోతే రావద్దు."

శనివారం మధ్యాహ్నం తట్టాంచావడిలోనే ఉన్న సైలెన్సర్ అన్న షెడ్డుకు వెళ్లాం. ఆయనా మా వైపు తెలుగువాడే. పేరుకు తగ్గట్టు మాట్లాడడు. (ఆయన మాట్లాడడని ఆ పేరు పెట్టారు. ఆయన షెడ్డులో సైలెన్సర్లు మాత్రం బాగుచేయరు.) సొంతంగా బాగుచేసి ఉంచిన మోటారు ఒకటి బల్ల కింద నుంచి తీసి అత్త చేతిలో పెట్టాడు. "సోమారం పదికి వొచ్చి బిగిస్తా" అన్నాడు. ఆదివారం బాహూరులో వాళ్లక్క మనవరాలికి చెవులు కుట్టే వేడుకట. పదికి వస్తే మాకేం లాభం? అత్త ముఖం వాడిపోయింది. ఆ వాడిన ముఖం చూసి నా నోరు తనంతట తానే తెరుచుకుంది. "నేను బిగిస్తా అత్తా. మూడు బోల్టులు, ఒక లావు వైరు, ఒక సన్న వైరు. ఇదేం బ్రహ్మవిద్యా?" సైలెన్సర్ అన్న నన్ను కాసేపు చూశాడు. తరవాత ఒకే ఒక్క మాట అన్నాడు: "ఇనుముకు ఇనుము తగలాల." బోల్టులు గట్టిగా బిగించమని చెబుతున్నాడనుకుని తల ఊపాను. ఆ తల ఊపిన వైనం తలుచుకుంటే ఇప్పటికీ ఆ తలను పట్టుకుని గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున ఆరింటికి వీధిలో దినపత్రిక పరుచుకుని బండి కింద దూరాను. కత్తిరి ఎండల కాలం. ఎనిమిదికే నేల పెనంలా కాలింది. బ్యాటరీ వైరు ముందు తీయాలని వీడియోలో చెప్పారుగానీ, ఆ ముక్క వచ్చేటప్పుడు నేను ముందుకు జరిపేశాను. స్పానరు తగలగానే మెరుపు మెరిసింది, అత్త కేక వేసింది, సొల్దా తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు (పాత అలవాటు కాబోలు). కింది రెండు బోల్టులు మర్యాదగా ఊడాయి. పై బోల్టు మాత్రం కంటికి కనబడదు, చేతికి అందదు. వేళ్లు మాత్రమే దూరే సందులో నాలుగు గంటలు దానితో యుద్ధం చేశాను. మూడు కణుపుల మీద చర్మం పోయింది. కంట్లో గ్రీజు పడింది. అత్త గంటకొకసారి మజ్జిగ గ్లాసు కింద నుంచి తోసి, "అయిందా నాయనా?" అని అడిగేది. చివరికి బోల్టు ఊడింది. ఆ వెంటనే మోటారు నా రొమ్ము మీద పడింది. అంత నొప్పిలోనూ నాకు గర్వంగానే ఉంది.

కొత్త మోటారు తీసుకుని కింద దూరబోతుంటే అత్త అడ్డం నిలబడింది. "ఏందిరా అట్లనే పెడతాండావు? నల్లంగా కొరివి మాదిరి ఉండాది. మీ మామ బండిలో రంగెయ్యకుండా ఎట్ల పెడతావు?" వాదించవచ్చు. వాదించే తెలివి ఉంటే ఎలక్ట్రికల్ ఎప్పుడో పాసయ్యేవాణ్ని. డబ్బా తెరిచి చూస్తే అడుగున గరిటెడు రంగు మిగిలి ఉంది, అంతే. మేడ మీదికి వెళ్లి కూర్చుని, ఆ రంగుతో ఆ మోటారుకు నేను చేసిన సేవ జీవితంలో మరి దేనికీ చేయలేదు. మొదటి పూత ఆరాక రెండో పూత. ఒంటికి, నెత్తికి, అంచులకు, ఇంజినుకు ఆనుకునే చదును ముఖానికి, బోల్టులు దూరే చిల్లుల లోపలికి కూడా కుంచె తిప్పాను. రంగు ఇంకా ఒక చుక్క మిగిలితే బోల్టులకు, వాషర్లకు కూడా పూశాను. ఒక్క గోరంత చోటు వదలలేదు. ఎండలో అది గంటలో గట్టిగా ఆరి, గచ్చులా తయారైంది. అత్త దాన్ని అరిటాకు మీద పెట్టి దేవుడి ముందు ఉంచి, చందనం మెత్తి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. ఖాళీ డబ్బాను ఒకసారి చూసుకుని మూత పెట్టింది. ఇద్దరం దండం పెట్టుకున్నాం. మోటారుకు దండం పెట్టే సందర్భం నాకు మళ్లీ రాలేదు.

బిగించడం పూర్తయ్యేసరికి సాయంత్రం అయిదు. తాళం తిప్పబోతే అత్త చేయి పట్టుకుంది. "ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. కొత్తది ఇప్పుడా మొదలు పెట్టేది?" ఆరయ్యాక, దీపం పెట్టేవేళ వద్దంది. క్యాలెండరు చూసి తేల్చింది: సోమవారం ఆరు నుంచి ఏడున్నర దాకా నల్ల నేరం, అంటే మంచి ఘడియ. ఆ ఘడియలో కర్పూరం వెలిగించి, నిమ్మకాయ తొక్కించి, సరాసరి క్యాంటీనుకు. నేను పరమ సంతోషంగా ఒప్పుకున్నాను. అసలు నాకూ లోపల చిన్న భయం. తిప్పి చూడని తాళం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కదా.

సోమవారం ఆరయింది. ఎనిమిది బకెట్లు పికప్పులో సర్దాం. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాం. ఇవాళ తోయక్కరలేదన్న ఆనందంతో వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. అత్త పట్టు జాకెట్టు తొడుక్కుని స్టీరింగు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని తాళం తిప్పింది.

టక్.

అంతే. మళ్లీ తిప్పింది. టక్. పాత మోటారైనా చచ్చేముందు కాస్త మూలిగింది. దీనికి అదీ లేదు. అత్త కళ్లు తెరిచి నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ని. "ఏందిరా?" అని చిన్నపిల్లలా అడిగింది. బ్యాటరీ కొసలు రుద్దాను. టక్. వైర్లు పీకి పెట్టాను. టక్. సొల్దా తాత సుత్తి ఇచ్చి కొట్టమంటే కొట్టాను. టక్. అప్పటికి ఆరూ ఇరవై. తాత పరిస్థితి గ్రహించి, చొక్కా చేతులు మడిచి, జనాన్ని బండి వెనక వరసగా నిలబెట్టాడు. "తోసేద్దాం. ఎట్లనో పోయి చేరండి. ఆడ కాళ్లు పట్టుకోండి" అన్నాడు. అది ఆ రోజు ఆ వీధిలో ఎవరైనా అన్న ఒకే ఒక్క తెలివైన మాట. కానీ అప్పటికే నేను బండి కింద ఉన్నాను, రెండు బోల్టులు విప్పేసి. మోటారు సగం ఊడి వేలాడుతోంది. "అయిదే నిమిషాలు తాతా!" అని కింద నుంచి అరిచాను. తాత జనాన్ని ఇళ్లకు పంపేశాడు.

ఆ అయిదు నిమిషాల మీద ఎండ ఎక్కింది. పై బోల్టు మళ్లీ నిన్నటి కథ మొదలుపెట్టింది. రంగు పట్టి ఇంకా బిగుసుకుపోయింది. అంతలో నుదుటి మీద చల్లగా ఏదో పడింది. నూనె అనుకుని తుడుచుకుంటే తెల్లగా ఉంది. ఇంకొక చుక్క ముక్కు మీద పడింది. పైన ఎండకు పిండి పొంగి, మూతలు లేపుకుని, బకెట్ల మీది నుంచి జారి, పికప్పు అడుగు చెక్కల సందుల్లోంచి నా మీద కారుతోంది. క్యాంటీను ఆర్డరు చుక్క చుక్కగా నా ముఖం మీద పడుతుంటే, ఒక చేత్తో తుడుచుకుంటూ ఒక చేత్తో బోల్టు తిప్పుతూ నేను ఏడ్చాను. సిగ్గేముంది, నిజంగానే ఏడ్చాను. పిండి కాబట్టి ఎవరికీ తెలియలేదు. పైన అత్త ఫోను మోగుతోంది. "వొస్తాండాం సార్, బయల్దేరినాం సార్" అని అత్త తమిళంలో అబద్ధం చెప్పడం వినబడుతోంది. జన్మలో అబద్ధం ఆడని మనిషి చేత నా మూడు బోల్టులు అబద్ధం ఆడించాయి.

ఏడింటికి ఓటమి ఒప్పుకుని సైలెన్సర్ అన్నకు ఫోను చేశాను. ఉన్నదంతా చెప్పాను. అవతల నుంచి "ఊఁ" అని ఒక్క మాట వచ్చింది. వేడుక నుంచి రాత్రే తిరిగొచ్చాడట, పావుగంటలో మోపెడ్ మీద దిగాడు. చెవులు కుట్టే వేడుకలో పెట్టిన పసుపు బొట్టు ఇంకా నుదుటినే ఉంది. కింద దూరి, నన్ను నాలుగు గంటలు ఏడిపించిన బోల్టును నాలుగు నిమిషాల్లో విప్పి, మోటారును వెలుతురులోకి తెచ్చాడు. చూశాడు. తిప్పి చూశాడు. నీలంగా నిగనిగలాడుతోంది. చదును ముఖం మీద కుంకుమ బొట్టు నలిగిందేగానీ చెరగలేదు. ఆ బొట్టును బొటనవేలితో గీకి చూశాడు. ఇంకొంచెం సేపు అలాగే చూసి ఉంటే నేను బాహూరు దాకా నడిచి వెళ్లిపోయేవాణ్ని.

"ఇనుముకు ఇనుము తగలాల అంటినే" అన్నాడు చివరికి. "ఈడ రంగెవురు ఏసినారు?"

నేను నీలం పట్టిన నా గోళ్లు దాచుకున్నాను. ఇక్కడ ఆ మూడుసార్లు తప్పిన పేపరులోని ముక్క చెప్పక తప్పదు. బ్యాటరీ నుంచి కరెంటు లావు వైరులో మోటారుకు వస్తుంది. తిరిగి పోవడానికి దానికి వేరే వైరు లేదు. మోటారు ఒళ్లు ఇంజిను ఒంటికి ఎక్కడ ఆనుకుంటుందో, అదే దాని దారి. ఆ దారికి నేను రెండు పూతలు కొట్టి, అత్త చేత బొట్టు పెట్టించి, కర్పూరం వెలిగించి మూసేశాను. ఏ బోల్టు మరలోనో దొరికిన సందులోంచి కాస్త కరెంటు దూరి 'టక్' మంటోంది, అంతకు మించి దానికి చేతకాదు. ఎలక్ట్రికల్ పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉందట ఇదంతా. నేను రెండో పాఠం నుంచి బట్టీ పట్టాను.

"గీకాల. ఏమన్నా ఇయ్యక్కా" అన్నాడు సైలెన్సర్ అన్న. అత్త లోపలికి వెళ్లి చేతికి అందిన అట్లకాడ తెచ్చి ఇచ్చింది. దోసెలు తిప్పే ఆ అట్లకాడతో ఆయన మోటారు ముఖాన్ని గీకుతుంటే నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి కింద పడింది. బోల్టులు, వాషర్లు కూడా గీకాడు. అత్త రెప్ప వేయకుండా చూస్తోంది. అది డబ్బాలో మిగిలిన ఆఖరి రంగని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆ పెచ్చుల్ని అత్త వంగి ఏరబోయి, మేము చూస్తున్నామని ఆగి, చీర కుచ్చెళ్లు సర్దుకున్నట్టు నటించింది. నాకు అప్పుడు కలిగిన బాధ ముందు కణుపుల మీద పోయిన చర్మం ఏపాటిది?

మోటారు మళ్లీ బిగించేసరికి ఏడూ నలభై. అది ఏ వేళో సైలెన్సర్ అన్నకు కూడా తెలుసు, అందుకే తాళం అత్తకే ఇచ్చి పక్కకు జరిగాడు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అత్త ఇంట్లోకి వెళ్లింది. దేవుడికి చెప్పుకోవడానికి కాబోలు అనుకున్నాను. తొంగి చూస్తే, గోడకున్న క్యాలెండరును తిప్పి, అచ్చులేని వైపు బయటికి ఉండేలా మళ్లీ మేకుకు తగిలిస్తోంది. బయటికి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. "రాహువుకు మాత్రం ఆకలి కాదా ఏంది" అని గొణిగి, కళ్లు తెరిచే తాళం తిప్పింది. బండి ఒక్క తడవలో లేచింది. నిమ్మకాయలు నలిగాయి. వీధి చప్పట్లు కొట్టింది. సొల్దా తాత సెల్యూట్ చేశాడు. ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది ఈ కథ!

తట్టాంచావడి చేరేసరికి ఎనిమిది దాటింది. మేనేజరు గేటు దగ్గరే ఉన్నాడు. లోపలి నుంచి ఉప్మా వాసన వస్తోంది. మొదటి షిఫ్టు వాళ్లు తిని వెళ్లిపోయారట. నియమం ప్రకారం అత్త ఇంజిను ఆపింది. ఆయన ఒక బకెట్టు మూత తీసి, సగానికి దిగిపోయిన పిండిని చూసి, వాసన చూసి, మూత పెట్టేశాడు. కోప్పడలేదు. "పులిసిపోయిందమ్మా. వేరేవాళ్లకు చెప్పేశాం. వెనక లారీ ఉంది, బండి తీయండి" అన్నాడు. అత్త బకెట్టు మూత గట్టిగా నొక్కి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పింది. చెయ్యి తగిలీ తగలకముందే, వెన్నలో కత్తి దిగినంత సులువుగా ఇంజిను అందుకుంది. నెల రోజులుగా మేము ఏ చప్పుడు కోసం పడిగాపులు పడ్డామో, ఆ చప్పుడు. మమ్మల్ని పొమ్మన్నప్పుడు మాత్రం ఆ మోటారు ఎంత బాగా పనిచేసిందంటే, మేనేజరు కూడా ఒక క్షణం బండి వైపు మెచ్చుకోలుగా చూశాడు.

ఇంటికి చేరితే బట్టలు సర్దుకుని బాహూరు పోదామని నిశ్చయించుకున్నాను. పరీక్ష, డిప్లొమా, యంత్రాలు, అన్నీ మానేసి మా నాన్నతో పొలానికి పోవడమే నా తలరాత అనుకున్నాను. ముఖాన పిండి ఎండి బిగుసుకుపోయి, నోరు తెరిస్తే చర్మం లాగుతోంది. వీధి మలుపు దగ్గర బండి ఆపి అత్త తనే అంది: "రంగెయ్యమన్నది నేనే గదరా." నేను ఏదో అనబోయాను. "నువ్వు నేను చెప్పినట్ట చేసినావు. చెప్పినట్ట చేసేవోణ్ని తిట్టే నోరు నాకు లేదు. దిగు. ఉల్లిగడ్డలు తరుగుదువుగాని." ఆ పూట ఆ పులిసిన పిండంతటితో గుంత పొంగణాలు పోసింది. నెల రోజులు బండి తోసిన ప్రతి ఇంటికీ గిన్నె నిండా వెళ్లాయి. సొల్దా తాత పదకొండు తిన్నాడు. పులుపు బాగా కుదిరిందని వీధంతా మెచ్చుకుంది. సాయంత్రం అత్త ఎప్పటిలాగే మోకాళ్లకు ఇసుక మూట కాపడం పెట్టుకుంది. ఆ రోజు మెట్ల మాట ఎత్తలేదు. ఆ తరవాత ఎప్పుడూ ఎత్తలేదు.

క్యాంటీను మళ్లీ పిలవలేదు. అత్త ఇంకా ఏడేళ్లు పద్నాలుగు కొట్ల మెట్లెక్కింది. నేను నాలుగోసారి ఎలక్ట్రికల్ రాసి పాసయ్యాను. (ప్రశ్నల్లో ఒకటి ఎర్తింగు గురించే వచ్చింది. అడిగినదానికన్నా రెండు పేజీలు ఎక్కువ రాశాను.) ఇప్పుడు ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరును. నా కింద కొత్తగా చేరిన కుర్రాళ్లు నన్ను చూసి తల ఊపుతుంటారు. వాళ్లు తల ఊపినప్పుడల్లా నేను అక్కడే ఆపి, చెప్పింది మళ్లీ చెప్పించుకుంటాను. వాళ్లకు విసుగు, నాకు తెలుసు.

అత్త ఇప్పుడు బండి తోలడం లేదు, పికప్పు మాత్రం గుమ్మం ముందే ఉంది, అదే మోటారుతో. ఏటా ఆయుధపూజ నాడు పొద్దున్నే ఫోను చేస్తుంది. నేను ఎంత పనిలో ఉన్నా ఒర్లియంపేట వెళ్లాలి. చందనం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని, వంగలేని మోకాళ్లతో బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. గ్రైండర్లకు, గేటుకు, అట్లకాడకు తనకు తోచినట్టు పెట్టేసుకుంటుంది. బండి దగ్గరికి వచ్చేసరికి వేలికి కుంకుమ అద్దుకుని ఆగి, నావైపు చూసి, ఇన్నేళ్ల తరవాత కూడా ఎంతో గౌరవంగా అడుగుతుంది: "యాడ పెట్టొచ్చు నాయనా?"

నేను బానెట్టు ఎత్తి, కరెంటు దారికి అడ్డం రాని చోటు చూపిస్తాను. ఆమె సరిగ్గా అక్కడే పెడుతుంది.